పైవాడికి తల తిరిగింది

పనిచోట అతన్ని అందరూ పైవాడు అనేవాళ్ళు. టవర్ క్రేన్ నడిపే మనిషి. పొద్దున్నే నిచ్చెన పట్టుకుని ఎక్కాడంటే సాయంత్రం దాకా నేల మీద కాలు పెట్టడు. "పైవాడు దించితేనే మనకి పని" అని కింద ఇనుము కట్టేవాళ్ళు నవ్వుకునేవారు. గాలివాన వచ్చి క్రేన్ ఆపేసిన రోజున "ఇవాళ పైవాడి దయ లేదర్రా, పదండి ఇళ్ళకి" అనేవారు. ఆ మాటలు అతని చెవిన పడినా ఏమీ అనుకునేవాడు కాదు. లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ గర్వానికి కారణం లేకపోలేదు. క్రేన్ గది అంటే నాలుగు పక్కలా అద్దాలున్న చిన్న పెట్టె. ఒక కుర్చీ, దానికి చెరోపక్కా ఒక్కో లీవరు, కాళ్ళ మధ్య నేలలో కూడా ఒక అద్దం. అందులోంచి చూస్తే మనుషులు ఆవగింజల్లా కదులుతుంటారు. గాలి వీస్తే ఆ పెట్టె ఊగుతుంది. కొత్తగా నేర్చుకుందామని ఎక్కినవాళ్ళు మొదటి గాలికే మొహం పాలిపోయి, నిచ్చెనను కావలించుకుని దిగిపోయేవారు. అతను మాత్రం ఆ ఊపులోనే ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుని, చుక్క తొణక్కుండా తాగేవాడు. కుర్రతనంలో ఒకసారి పెద్ద పడవలో పోతుంటే, తోటివాళ్ళంతా కమ్మీలు పట్టుకుని కడుపులో ఉన్నదంతా నీళ్ళపాలు చేస్తున్న వేళ, వాళ్ళు వద్దన్న రొట్టెలు కూడా ఇతనే తినేశాడట.

"తల తిరగడం అంటే ఏంటో నాకు తెలీదు" అనేవాడు.

"పొగరుతో తిరిగేది చాలదూ?" అనేది భార్య.

ఆమెను చుట్టుపక్కల వీధుల్లో పోస్టమ్మ అనేవారు. ఉత్తరాలు పంచే ఉద్యోగం. భుజాన సంచీ వేసుకుని ఆమె నడుస్తుంటే నడకలా ఉండేది కాదు, ఎవరో తరుముతున్నట్టుండేది. కుక్కలు కూడా మొరగడం మానేసి దారి ఇచ్చేవి. వాళ్ళిద్దరి పరిచయం కూడా ఆ ఉద్యోగం పుణ్యమే. అప్పట్లో అతను పనిచేస్తున్న భవనానికి ఒక రిజిస్టరు కవరు తీసుకొచ్చి, క్రేన్ కింద నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "సంతకం పెట్టాలి, దిగిరండి!" అని కేకేసింది. అతను అన్ని మెట్లూ దిగొచ్చి చూస్తే ఆ కవరు అతనిది కాదు, అదే ఇంటిపేరున్న తాపీమేస్త్రీది. అతనికి కోపం రావలసింది. ఆమె మొహం చూశాక రాలేదు. "అంత పైవాణ్ణి ఒక్క కేకతో దిగొచ్చేలా చేశాను" అని ఆమె తర్వాత ఎన్నేళ్ళయినా చెప్పుకునేది.

కూతురు పెద్దదై, కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం చూసుకుని, పక్క వీధిలో కాపురం పెట్టాక, పోస్టమ్మకు జబ్బు చేసింది. మూత్రపిండాల్లో మొదలైన చీము రక్తంలోకి పాకింది. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన అతను కూర్చున్న రోజుల గురించి ఇప్పటికీ మాట్లాడడు. చివరికి ఒక గట్టి మందు ఎక్కించారు. అది ప్రాణం నిలబెట్టింది. నిలబెట్టి, పోతూ పోతూ రెండు చెవుల లోపలా ఉండే ఏదో సన్నటి సామగ్రిని కాల్చేసి పోయింది. వినికిడి పోలేదు. పోయింది నిలకడ.

మంచం దిగిన రోజున ఆమె రెండడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అతను.

"గది ఎగురుతోంది" అంది.

అది తగ్గుతుందనుకున్నారు. తగ్గలేదు. కూర్చుంటే అన్నీ బాగానే ఉండేవి. లేచి నడిచిందా, ప్రతి అడుగుకీ లోకం కిందికీ పైకీ గంతులు వేసేది. ఎదురొచ్చే మనిషి ఎవరో ఆగి చూస్తే గాని తెలిసేది కాదు. చీకట్లో అయితే నిలబడడమే కష్టం, ఒరిగిపోయేది. తలుపుల మీద నంబర్లు చదవలేని మనిషి ఉత్తరాలు ఎలా పంచుతుంది? ఉద్యోగం వదిలేసింది. చేతికర్ర పట్టుకుని వంటగదికీ కిటికీకీ మధ్య తిరిగేది. ఎక్కువగా కిటికీ దగ్గరే కూర్చునేది. ఎవరి మీదా విసుక్కునేది కాదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టేది.

ఒకనాడు కూతురు ఒక సంచీ మోసుకొచ్చింది. అందులో వీడియోగేమ్ పెట్టె ఉంది. తను కొత్తది కొనుక్కుందట, పాతది అమ్మకట.

"ఈ వయసులో నాకెందుకే తుపాకీ ఆటలు?" అంది పోస్టమ్మ.

"తుపాకులు లేవమ్మా. ఊరికే తిరగడమే. కొండలూ, అడవులూ, ఏళ్ళూ. ఎటు బుద్ధి పుడితే అటు పో."

కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో చూపించింది. ఎడమ బొటనవేలుతో నడక, కుడి బొటనవేలుతో చూపు. పోస్టమ్మ మొదట గోడకు గుద్దుకుంది, తర్వాత చెరువులో పడింది, తర్వాత ఒక చెట్టు చుట్టూ గానుగెద్దులా తిరిగింది. కూతురు పగలబడి నవ్వింది. కాసేపటికి తెర మీది బొమ్మ ఒక పచ్చిక మైదానంలోకి వచ్చింది. పోస్టమ్మ బొటనవేలు ముందుకు నొక్కి పట్టింది. బొమ్మ పరుగందుకుంది. గడ్డి రెండు పక్కలా వెనక్కి పోతోంది. దూరాన కొండ నిలబడి ఉంది. నిజంగానే నిలబడి ఉంది, కదలకుండా.

"ఊగట్లేదే" అంది పోస్టమ్మ. "అమ్మాయ్, పరిగెడుతున్నా గానీ ఏదీ ఊగట్లేదే!"

కూతురు నవ్వు ఆగిపోయింది. తల్లి మొహం చూస్తూ ఉండిపోయింది. తల్లి మాత్రం ఆగలేదు. మైదానం చివరిదాకా పరిగెత్తింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో భోజనాల దగ్గర మాటలు మారాయి. "ఇవాళ ఉత్తరపు కొండ దాటాను" అనేది. "అడవిలో పాడుబడ్డ మెట్లబావి ఉంది, దిగితే అవతలి ఒడ్డుకి తేలతాం" అనేది. అతను ఊ కొట్టేవాడు. రోజంతా లీవర్లు పట్టుకున్న చేతులు బరువుగా ఉండేవి, సగం మాటలు చెవిలోకి పోయేవి కావు. కిటికీ దగ్గర కూర్చోవడం తగ్గింది కదా, అది చాలనుకునేవాడు.

ఒక రోజు ఆమె చెంచా పక్కన పెట్టి అంది. "మీరూ రండి నాతో."

"ఎక్కడికి?"

"ఆటలోకి. ఇద్దరు కలిసి తిరగొచ్చట. అమ్మాయి చెప్పింది. తూర్పున ఒక కనుమ ఉంది, దాని అవతల నేనొకటి చూశాను."

"ఏం చూశావు?"

"చెప్తే బాగోదు. నడిచొచ్చి చూడాలి."

అతను నవ్వాడు. "నా బతుకంతా రెండు లీవర్లతోనే. ఇదెంత?"

మర్నాటి సాయంత్రం ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. తెర రెండు సగాలుగా చీలింది. పై సగం ఆమెది, కింది సగం అతనిది. "ఎప్పుడూ పైనుండే మీరు ఇప్పుడు కింద" అని ఆమె ఆటపట్టించింది. అతను బొటనవేలు నొక్కాడు. బొమ్మ నడిచింది. అడుగడుగుకీ తెర కాస్త కాస్త ఎగురుతోంది, గంతులేసే లోకం చూసిన ఆమె కంటికి ఆననంత సన్నగా. నిజమైన నడకలా ఉండాలని ఆట చేసినవాళ్ళు పెట్టిన సోకు అది. పక్కకు చూపు తిప్పాడు. అడవంతా గిర్రున తిరిగింది.

ముందు ఆవులింత వచ్చింది. తర్వాత ఇంకోటి. మెడ వెనక సన్నగా చెమట పట్టింది. నోట్లో నీళ్ళూరాయి. గదిలో గాలి లేనట్టనిపించింది. కడుపులో ఎవరో మెల్లిగా కవ్వం దింపినట్టయింది. "ఏంటలా అయిపోయారు?" అని ఆమె అడిగేలోపే కంట్రోలర్ సోఫాలో పడేసి స్నానాలగదికి పరిగెత్తాడు.

తిరిగొచ్చాక ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పైవాడికి డోకు వచ్చింది!"

"మధ్యాహ్నం తిన్నది పడలేదు" అన్నాడు అతను, గోడ వైపు చూస్తూ.

రెండో సాయంత్రం కూడా మధ్యాహ్నం తిన్నది పడలేదు. ఆ మర్నాటి సాయంత్రం అతను పంతం పట్టాడు. పళ్ళు బిగించి, చెమట తుడుచుకుంటూ, ఆమె వద్దంటున్నా అడవి సగం దాటాడు. ఆ రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుంటే పైకప్పు మెల్లగా పక్కకు జారుతున్నట్టుంది. పొద్దున లేచాక కూడా ఆ జారుడు పోలేదు.

పనిచోటికి వెళ్ళి, బెల్టు కట్టుకుని, నిచ్చెన మొదటి మెట్టు మీద చెయ్యి వేశాడు. తల ఎత్తి పైకి చూశాడు. ఆకాశం ఒక్కసారి ఒరిగింది. చెయ్యి తీసేశాడు.

కింద నిలబడి రేడియోలో సైగలు చెప్పే మనిషి ఒకడుండేవాడు. బక్కాయన అనేవారు. ఏళ్ళ తరబడి ఒకరు కళ్ళు, ఒకరు చేతులు అన్నట్టు పనిచేశారు ఇద్దరూ.

"ఏంటన్నా, మర్చిపోయిందేమన్నా ఉందా?" అన్నాడు బక్కాయన.

"లేదు. ఇవాళ ఎక్కను. తల తిరుగుతోంది."

బక్కాయన రేడియో దించి అతని మొహంలోకి చూశాడు. "నీకా?"

దాచిపెట్టి ఎక్కేసి ఉండొచ్చు. కానీ తన కింద వేలాడే బరువు ఏమిటో, దాని కింద తిరిగే తలకాయలు ఎవరివో అతనికి తెలుసు. సైటు ఇంజినీరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు, వీడియోగేమ్‌తో సహా. ఇంజినీరు నవ్వలేదు. "చెవుల డాక్టరమ్మకి చూపించుకుని రండి. ఆవిడ సరేనన్నాకే ఎక్కుదురు గాని" అన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే అతనికి ఒకటే ఆలోచన. తన చెవులు కూడా పోతున్నాయా? భార్యకు పోయినట్టే?

ఆ ఊళ్ళో చెవుల డాక్టరమ్మ ఒకరే. పోస్టమ్మకు చూసిందీ ఆవిడే. భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆసుపత్రి నడవాలో నడుస్తుంటే ఎవరు ఎవరికి ఆసరానో తెలియలేదు.

డాక్టరమ్మ అతన్ని చీకటి గదిలో పడుకోబెట్టి, కళ్ళకు నల్ల అద్దాల లాంటిది తగిలించింది. దాని లోపల చిన్న కెమెరాలు. ఒక చెవిలో గోరువెచ్చని నీళ్ళు పోసింది. పడుకున్న చోటే ఉన్నా, ఎవరో పీపాలో పెట్టి దొర్లించినట్టు అతనికి లోకం తిరిగిపోయింది. బల్ల అంచులు గట్టిగా పట్టుకున్నాడు. రెండో చెవికీ అంతే. కుర్చీలో కూర్చోబెట్టి తిప్పింది. తల పట్టుకుని చటుక్కున పక్కకు తిప్పి కళ్ళు చూసింది. అన్నీ అయ్యాక వాళ్ళిద్దరినీ తెర ముందు కూర్చోబెట్టింది.

"ఇవి మీ కళ్ళు. వెచ్చని నీళ్ళు పోయగానే ఎలా కొట్టుకున్నాయో చూడండి. ఇంత చురుకైన లోచెవులు నేను ఈ మధ్య చూడలేదు."

"మరి తల ఎందుకు తిరుగుతోందమ్మా?"

"అందుకే తిరుగుతోంది." డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది. "లోచెవిలో నీళ్ళు నిండిన సన్నటి గొట్టాలుంటాయి, వెంట్రుక కన్నా సన్నటి తీగలుంటాయి. తల ఎటు కదిలినా అవి కనిపెడతాయి. క్రేన్ ఊగితే మీ చెవి ఊగిందంటుంది, కన్నూ ఊగిందంటుంది. ఇద్దరిదీ ఒకే మాట, గొడవ లేదు. ఆటలో కన్ను 'నేను పరిగెడుతున్నా' అంటుంది. చెవి 'లేదు, సోఫాలో కూర్చున్నావు' అంటుంది. కంటికీ చెవికీ మధ్య ఉన్నది బెత్తెడే, ఆ బెత్తెడులోనే కొట్లాట. కొట్లాట చూసి ఒళ్ళు కంగారుపడుతుంది. ఏదో విషం తిన్నామేమో, అందుకే కళ్ళూ చెవులూ తేడాగా చెబుతున్నాయేమో అని కడుపు ఖాళీ చేయిస్తుందని ఒక ఊహ. ఊహే, రుజువు కాలేదు. కానీ నాకు నచ్చుతుంది."

అతను తన చెవి తమ్మెను వేళ్ళతో పట్టుకుని చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తలలో రెండు పక్కలా కాపలావాళ్ళను పెట్టుకుని తిరుగుతూ, వాళ్ళున్నారన్న సంగతే ఎరగడు.

"మొత్తానికి మీ చెవిలో ఎవరూ పువ్వు పెట్టలేరు" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"మరి నాకెందుకు ఏమీ కాదు?" అంది పోస్టమ్మ. "పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడినా నాకు ఆవులింత కూడా రాదు."

డాక్టరమ్మ నవ్వు తగ్గించింది. "మీకు కొట్లాడ్డానికి రెండోవాళ్ళు లేరు కదమ్మా. మీ లోచెవులు మాట్లాడవు. మీలాంటివాళ్ళకి పడవలో కూడా వాంతి రాదు. నడిచేటప్పుడు తల ఎగురుతుంటే, ఆ కబురు చెవి కంటికి చేరవెయ్యాలి. అప్పుడు కన్ను సర్దుకుంటుంది. మీకు ఆ కబురు అందదు."

"అంటే లోపల పోస్టు ఆగిపోయిందన్నమాట" అంది పోస్టమ్మ.

డాక్టరమ్మ ఆమె చేతి మీద చెయ్యి వేసింది. నాలుగు రోజులు ఆట జోలికి పోవద్దనీ, తల పూర్తిగా తేరుకున్నాక క్రేన్ ఎక్కొచ్చనీ అతనికి చెప్పి పంపింది.

బయట నడవాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా గచ్చు మీద కిటికీ ఎండ పడుతోంది.

"నీకు ప్రతి అడుగూ ఇలాగేనా?" అన్నాడు అతను.

"డోకు రాదు లెండి. మిగతాదంతా ఇలాగే."

"మంచం దగ్గర్నించి వంటగది దాకా కూడా?"

"అదేం దూరం, అలవాటైపోయింది."

అతను తల దించుకున్నాడు. సోఫాలో కూర్చుని కాసేపు ఆడినందుకే తను కంట్రోలర్ విసిరేసి పరిగెత్తాడు. ఈ మనిషి ఆ ఎగిరే లోకంలోనే పొయ్యి వెలిగించింది, కత్తి పట్టుకుని కూరగాయలు తరిగింది, తన లంచ్ డబ్బా కట్టింది, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఎత్తు ఎక్కేవాడు తానేనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. పక్కన కూర్చున్న ఈమెను కొత్తగా చూసినట్టు చూశాడు, పర్వతం పక్కన కూర్చుని ఇన్నేళ్ళూ గమనించనట్టు.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఏం లేదు. నన్ను ఆ కనుమ దాటించు. నీకెలా చేతనైందో నాకూ నేర్పు."

నేర్పింది. నాలుగు రోజులయ్యాక కూతురు వచ్చి ఆటలో అమరికలన్నీ మార్చింది. అడుగడుగుకీ తెర ఎగరడం ఆపేసింది. చూపు తిరిగే వేగం తగ్గించింది. చూపు వెడల్పు పెంచింది. వేగంగా తిరిగినప్పుడు బొమ్మ అలుక్కుపోయే సోకు తీసేసింది. తెర రెండు సగాలుగా చీలడం అతనికి మరీ పడదని తేలింది, కళ్ళు అస్తమానం భార్య సగం మీదికి పోయేవి. అందుకని తన కొత్త పెట్టె, చిన్న టీవీ కూడా తెచ్చి రెండోవైపు పెట్టింది. పక్క తెర కనబడకుండా మధ్యలో బట్టలారేసే స్టాండు నిలబెట్టి దుప్పటి కప్పింది.

"ఈ వయసులో వేరు కాపురం పెట్టించావేంటే!" అంది పోస్టమ్మ దుప్పటి అవతల నుంచి.

అమరికలు కూతురివైతే ఉపాయాలు తల్లివి. "నడిచేటప్పుడు కాళ్ళ దగ్గర చూడకండి. దూరంగా కదలనిదేదో ఒకటి పట్టుకోండి, కొండ గాని, గోపురం గాని. నేను వీధిలో కరెంటు స్తంభం పట్టుకుంటా, కంటితో. అది ఎగురుతుంది, అయినా వదలను." చుట్టూ కొండలు లేని చోట కోసం కూతురు తెర నడిమధ్య ఒక తెల్లటి చుక్క వచ్చేలా చేసింది. గదిలో దీపాలన్నీ వేశారు. టేబులు ఫ్యాను మొహానికి ఎదురుగా పెట్టారు. సోఫా వెనక్కి జరిపారు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం పోస్టమ్మదే.

"మెడ వెనక చెమట పట్టగానే ఆపెయ్యాలి. నెగ్గుదామని కూర్చుంటే ఒళ్ళు పగబడుతుంది. ఒంటిని బతిమాలాలి గాని బెదిరించకూడదు."

"నీకెలా తెలుసు?"

"మొదట్లో నేను బెదిరించి చూశాగా. వీధి చివరిదాకా నడిచి తీరతానని పోయి, పడి, మోచెయ్యి చెక్కుకుని వచ్చా. మీకు తలుపు తగిలిందని చెప్పా."

అతనికి ఆ మోచెయ్యి గుర్తుంది. తలుపు మాట నమ్మిన తన మొద్దుతనం కూడా.

అలా బయలుదేరారు. మర్నాడు సెలవుంటేనే ఆట. ఒక సాయంత్రం అడవి అంచు దాకా. ఇంకో సాయంత్రం పాడుబడ్డ మెట్లబావి దాకా, మెట్లు దిగుతుంటే కడుపులో తిప్పి అక్కడే ఆగారు. ఆమె వెనకాల గుడ్డిగా పోతే ఎక్కువ తిప్పుతుందనీ, తానే ముందుండి దారి తీస్తే తక్కువనీ అతను కనిపెట్టాడు. బండి తోలేవాడికి రాని వాంతి వెనక కూర్చున్నవాడికి వచ్చినట్టు. అందుకని అతను ముందు, ఆమె వెనక. "ఎడమకి. కాదు, ఇంకో ఎడమకి" అని దుప్పటి అవతల నుంచి కేకలు. ఏటి దగ్గర పడవ ఉంది. పడవెక్కిన క్షణంలోనే అతని మొహం ఆకుపచ్చగా మారింది. నిజం పడవలో తోటివాళ్ళ రొట్టెలన్నీ తిన్న మనిషి బొమ్మ పడవలో కూలబడ్డాడు. చుట్టు తిరిగి వంతెన మీదుగా పోయారు. దారి చాలా పెరిగింది. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అతను సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటే, ఆమె బొమ్మ అతని బొమ్మ పక్కన నిలబడి కాపలా కాసేది.

మెల్లమెల్లగా ఒళ్ళు మెత్తబడింది. ఆవులింత ఆలస్యంగా రాసాగింది. ఒక్కో సాయంత్రం చెమట పట్టనే లేదు. తన లోపలి కాపలావాళ్ళు ఇన్ని రోజులు పేచీ పెట్టి, ఇప్పుడిప్పుడే "సరే, ఇది ఆట" అని తలుపు ఓరగా తెరుస్తున్నారని అతనికి అనిపించింది. మాటతో కాదు, ఆజ్ఞతో కాదు, మళ్ళీ మళ్ళీ కాస్త కాస్త బతిమాలడంతో ఒక ఒళ్ళు ఇలా మారుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు.

రెండు రోజుల సెలవు దొరికితే మొదటి రోజు మధ్యాహ్నం కనుమ చేరారు. రెండు బండల మధ్య ఇరుకు దారి. కూతురు కూడా వచ్చి వెనకాల కుర్చీలో కూర్చుంది.

"కళ్ళు మూసుకుని ముందుకి నొక్కండి" అంది పోస్టమ్మ. "నేను చెప్పినప్పుడు తెరవండి."

"పడతానేమో."

"పడరు. నేనున్నాగా. ముందుకి. ముందుకి. ఆగండి. ఇప్పుడు."

అతను కళ్ళు తెరిచాడు.

కనుమ అవతల నేల లేదు. కనుచూపుమేర మోకాలి లోతు నీళ్ళు, అద్దంలా. ఆకాశం అంతా నీళ్ళలో ఉంది. ఏది పైనో ఏది కిందో చెప్పే గీత లేదు. ఆ వెలుతురులో జంతువులు నడుస్తున్నాయి. అలాంటి జంతువులు ఎక్కడా లేవు. సన్నటి పొడుగాటి కాళ్ళు, ఆ కాళ్ళ మీద ఎక్కడో మబ్బుల దగ్గర ఒళ్ళు, ఒంటి నుంచి అడ్డంగా చాచిన పొడుగాటి మెడ. ఒక్కో అడుగు వెయ్యడానికి అవి ఎంతో ఆలోచిస్తున్నట్టుంది. కాలు నీళ్ళలో ఆనితే అలలు చాలాసేపటికి వీళ్ళ దగ్గరకు చేరుతున్నాయి. చప్పుడు లేదు. ఇంతలో గాలి మళ్ళింది. అన్నీ ఒకేసారి, నెమ్మదిగా, మెడలను గాలివాటుకు తిప్పుకున్నాయి.

అతను సోఫాలో ముందుకు వంగాడు. సాయంత్రం పని ముగించేటప్పుడు క్రేన్ చెయ్యిని బిగించకుండా వదిలేస్తారు, రాత్రి ఏ గాలి వస్తే ఆ వైపుకు అదే తిరగాలని. ఊళ్ళో ఎన్ని క్రేన్లున్నా అప్పుడు అన్నీ ఒకే వైపుకు మొహం పెట్టి నిలబడతాయి. ఎందరో రోజూ చూసి కూడా చూడని సంగతి అది.

"మొదటిసారి చూసినప్పుడు మీరే గుర్తొచ్చారు" అంది ఆమె గొంతు దుప్పటి అవతల. "సంచీ వేసుకుని ఏ వీధిలోకి తిరిగినా ఇళ్ళ మీదుగా మీ క్రేన్ కనపడేది. నాకు ఇలాగే ఉండేది అది. ఇంత పెద్దగా, ఇంత నెమ్మదిగా. మీకెప్పుడూ చెప్పలేదు."

"నాకు ఇలా ఉంటుందని తెలీదు" అన్నాడు. "నేను ఎప్పుడూ దాని లోపలే ఉన్నా."

మెడ వెనక చెమట పట్టింది. నీళ్ళు, ఆకాశం కలిసిపోయిన చోట పట్టుకోవడానికి కొండ లేదు. కూతురు చూసింది. "నాన్నా, చెమట. ఆపెయ్యండి."

"పట్టనీ" అన్నాడు.

"నియమం నియమమే" అంది పోస్టమ్మ.

అతను కళ్ళు మూసుకుని సోఫాలో వాలాడు. ఫ్యాను గాలి మొహాన తగులుతోంది. మూసుకున్న కళ్ళ ముందు ఆమె చెబుతూ పోయింది. ఇప్పుడొకటి తల దించి నీళ్ళు తాగుతోందని, దాని పిల్ల కాళ్ళ మధ్యనుంచి వచ్చిందని, పిల్ల కూడా మన ఇంటికన్నా ఎత్తుందని. కాస్త తేరుకుని కళ్ళు తెరిచేసరికి తెర మీద ఆమె బొమ్మ పక్కన లేదు. దూరంగా, ఆ మహా కాళ్ళ మధ్య నీళ్ళు చిమ్ముకుంటూ, ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది. దుప్పటి అవతల ఆమె నవ్వు వినిపిస్తోంది. అతను బొటనవేలు కదపలేదు. కూతురూ అతనూ అలా చూస్తూ ఉండిపోయారు.

ఆ సాయంత్రం అతనికి భోజనం సహించలేదు. సెలవయ్యాక క్రేన్ ఎక్కి, రేడియోలో బక్కాయనకు మొత్తం చెప్పాడు. బక్కాయన సైగలు మానేసి విన్నాడు. "ఎంత ఎత్తుంటాయన్నా?" అని మూడుసార్లు అడిగాడు.

పైవాడు ఇప్పటికీ ఆ పడవ ఎక్కలేడు. ఏటి అవతలి దీవులకు ఆమె ఒక్కతే పోతుంది. నిజం వీధిలో మాత్రం సాయంత్రాలు ఇద్దరూ కలిసే నడుస్తారు, ఆమె ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని. ఎదురొచ్చేవాళ్ళ పేర్లు అతను ముందే మెల్లగా చెబుతాడు, ఆమె ఆగి మొహం చూసి పలకరిస్తుంది. భోజనాల దగ్గర ఆమె చూసొచ్చిన దీవుల సంగతులు చెబుతుంటే ఇప్పుడు అతను ఊ కొట్టి ఊరుకోడు. మొన్న ఆమె ఒక కొత్త దీవి గురించి చెబుతుంటే, నోటిదాకా వచ్చిన ముద్దను ఆపి, "అక్కడ గాలి ఎటునుంచి?" అని అడిగాడు.

ఆమె చెంచా కింద పెట్టి, కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంది. "పడమటి నుంచి" అంది. "గట్టిగా."